డిక్కీలో కత్తిపీట

నేను చెప్పే మాటల్లో సగం తీసేసి వినాలని మా బంధువర్గంలో ఒక నియమం ఉంది. ఏ సగం తీసేయాలో ఇంతవరకు ఎవరూ తేల్చుకోలేదు కాబట్టి నా వ్యవహారం ఇన్నేళ్లుగా సాగిపోతోంది. అందుకే ముందుగా మనవి చేస్తున్నాను. మొన్న మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో మా పిన్ని ఇంటి గరాజ్ ఖాళీ చేస్తుంటే పాత పెయింటు డబ్బాల వెనక సొట్టపడిన స్టీలు ఫ్లాస్కు ఒకటి దొరికింది. మూత బిగుసుకుపోయి ఉంది. మోకాళ్ల మధ్య ఇరికించుకుని తిప్పితే కిర్రుమని వచ్చింది. లోపల ఇంగువ వాసన. నా మీసాలు నల్లగా ఉన్న కాలంలో పోసిన సాంబారు వాసన అది. ఇది మాత్రం తీసేయాల్సిన సగంలోది కాదు. నమ్మకం లేకపోతే ఎవరైనా రావచ్చు, మూత తీసి చూపిస్తాను.

పిన్ని నా చేతిలోంచి దాన్ని తీసుకుని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంది. మూత మళ్లీ బిగించి, "ఇది పారేసేవాటిలో పెట్టబాక" అంది. అంతే. బాబాయి ఈ చలికాలంలోనే పోయాడు. డెబ్బై దాటిన మనిషి, పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్చీలో కూర్చుని కూర్చున్నట్టే పోయాడు. అలా పోగలిగినందుకు అందరూ అదృష్టవంతుడన్నారు. ఆ అదృష్టం వెనక ఉన్న కథ తెలిసినవాళ్లం పిన్నీ నేనూ మాత్రమే. ఇప్పుడు పిన్నిని మా ఇంటికి తీసుకెళుతున్నాం కాబట్టి ఆ ఇంటి సామాన్లతో పాటు దాన్నీ సర్దేయాలి.

నేను చదువు పేరుతో మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో ఉన్నది ఈ ఇంట్లోనే. పిన్ని మా అమ్మకు చెల్లెలు. బాబాయి పేరు రమణయ్య, మార్కాపురం మనిషి. కార్ల తలుపులకు వేసే రబ్బరు పట్టీలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అప్పటి క్రెయిగీబర్న్ ఇప్పటిది కాదు. కరివేపాకు కోసం కారులో ముప్పావు గంట పోవాలి. ఇంటి వెనక కంచె దాటితే గడ్డి మైదానం, అందులో సాయంత్రం పూట మన గేదెల్లా తీరిగ్గా మేసే కంగారూలు. బాబాయి ఆర్వో షిఫ్టుకు, అంటే మధ్యాహ్నం షిఫ్టుకు, వెళ్లేవాడు. తిరిగొచ్చేటప్పటికి ఆయన కన్నా ముందు ఆయన వాసన ఇంట్లోకి వచ్చేది. కాలిన రబ్బరు, దాని మీద చెమట, దాని మీద ఫ్యాక్టరీ సబ్బు. పిన్ని గుమ్మం దగ్గరే ఆపి, బూట్లు బయట విప్పించి, శనగపిండి గిన్నె చేతికిచ్చి స్నానానికి తోలేది. "ఈ రబ్బరు కంపుతో నా వంటంతా టైరు తిన్నట్టుంటోంది" అని రోజూ అదే మాట. ఆయన రోజూ అదే నవ్వు.

ఆదివారం ఆ ఇంట్లో సాంబారు. పిన్ని ధనియాలూ మెంతులూ వేయించి రోట్లో దంచేది. మార్కాపురం నుంచి చీరల మధ్య చుట్టుకుని తెచ్చుకున్న చిన్న రోలు అది. బరువెక్కువైందని విమానాశ్రయంలో ఆపితే, దేవుడి విగ్రహమని చెప్పి గట్టెక్కించిందట. మా వంశంలో కోతలు నాతో మొదలు కాలేదని అందరూ గమనించాలి. ములక్కాడలు, చిన్న ఉల్లిపాయలు, చివర్లో ఇంగువ పోపు. ఆ పోపు చప్పుడు వినిపించగానే బాబాయి స్టీలు గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్లేవాడు. అన్నంలో కలుపుకోవడం తర్వాత సంగతి. ముందు ఒక గ్లాసు సాంబారు ఊదుకుంటూ నిలబడి తాగాలి. తాగి, గ్లాసు గట్టు మీద పెట్టి, "ఆ, ఇప్పుడు ఆదివారం అయింది" అనేవాడు.

ఫ్యాక్టరీ మూతపడింది. పని వేరే దేశానికి పోయింది. చివరి రోజున వెనక ఆవరణలో బార్బీ అనే కాల్పుడు పొయ్యి పెట్టి, సాసేజీలు కాల్చి, మనిషికొక స్టీలు ఫ్లాస్కు చేతిలో పెట్టారు. దాని మీద ఫ్యాక్టరీ పేరు చెక్కి ఉంది. బాబాయి దాన్ని అట్టపెట్టెతో సహా ఫ్రిజ్ మీద పెట్టాడు. మళ్లీ దాని వంక చూడలేదు. మొదట కొన్నాళ్లు సోఫాలో కూర్చున్నాడు. తర్వాత గదిలో పడుకున్నాడు. ఆ తర్వాత గోడ వైపు తిరిగాడు. గడ్డం గీయడం మానేశాడు, మాట్లాడడం మానేశాడు. ఒక ఆదివారం పోపు వేసి పిన్ని చాలాసేపు గరిటె పట్టుకుని నిలబడింది. గ్లాసు పట్టుకుని ఎవరూ రాలేదు. ఆ మధ్యాహ్నం ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతూ బాబాయి పని చొక్కాను ముక్కుకు ఆనించుకోవడం నేను చూశాను. రబ్బరు వాసన పూర్తిగా పోయింది. అన్నేళ్లూ ఏ వాసన పోవాలని తిట్టిందో, అది పోయినందుకే ఏడ్చింది.

డాక్టరు మాత్రలు రాశాడు. కూతురు లావణ్య డార్విన్‌లో ఆసుపత్రిలో నర్సు. తెలుగు అంతా అర్థమవుతుంది కాని జవాబు ఇంగ్లీషులోనే. "జస్ట్ గెట్ హిమ్ అవుట్‌సైడ్ అన్నా. ఎనీథింగ్. ప్లీజ్" అని ఫోన్లో నన్ను బతిమాలింది. ఎనీథింగ్ అంటే ఏమిటో నాకు తెలిస్తే కదా. చెస్ బోర్డు కొన్నాను, టమాటా మొక్కలు తెచ్చాను. టమాటాలు కాశాయి, మనిషి కదల్లేదు.

ఒక పొద్దున పిన్ని వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతోంది. బాబాయి మంచినీళ్ల కోసం వచ్చాడు. కాసేపు ఆ కత్తిపీట వైపే చూస్తూ నిలబడి, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా, "నేను లేకపోతే నీకు తేలికయిద్ది" అని నీళ్లు తాగి వెళ్లిపోయాడు. పిన్ని బెండకాయలు అలాగే వదిలేసి, తడి చేతులతోనే కత్తిపీట, ఇంట్లో ఉన్న చాకులు, కత్తెరలు, మాత్రల సీసాలు అన్నీ ఒక దుప్పట్లో మూటగట్టి నా దగ్గరికి తెచ్చింది. "నీ కారు డిక్కీలో పెట్టి తాళం వెయ్యరా. తాళం నీ దగ్గరే ఉంచు" అంది. ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

ఆనాటి నుంచి మా ఇంటి వంట నా కారు వెనక మొదలయ్యేది. నేను డిక్కీ తెరిచేవాణ్ణి. పిన్ని డ్రైవ్‌వే మీద పీట వేసుకుని, కత్తిపీట ముందు చీర సర్దుకుని కూర్చుని, వంకాయలూ బీన్సూ తరిగి, కత్తిపీట కడిగి, తుడిచి, మళ్లీ డిక్కీలో పెట్టి, నేను తాళం వేసేదాకా నిలబడేది. ఆ పూట మాత్ర ఒక్కటి లెక్కగా తీసుకుని లోపలికి పోయేది. వీధిలో వాళ్లు ఇదేదో మా మతాచారం అనుకున్నారు. ఒకసారి హ్యూమ్ హైవే మీద పోలీసు నన్నాపి డిక్కీ తెరవమన్నాడు. వంగిన ఆ ఇనుప కొక్కేన్ని చూసి వెనక్కి ఒక అడుగు వేసి ఇదేమిటన్నాడు. "దీని మీద కూర్చుని ఉల్లిపాయలు కోస్తాం సార్" అన్నాను. నా జీవితంలో నేను చెప్పిన ఏకైక నిజాన్ని నమ్మని మనిషి అతనొక్కడే.

వెనక కంచె అవతలి మైదానం డగ్ అనే ముసలాయనది. ఒంటరి మనిషి, తుంటి ఎముక మార్పించుకుని కర్రతో నడిచేవాడు. నా పేరు రాఘవ అయితే ఆయన నోట్లో అది రాగ్స్ అయింది, అంటే పాతగుడ్డలు. నేను బట్టలు ఆరేస్తుంటే ఒకరోజు కంచె మీద మోచేతులు ఆనించి అడిగాడు. "రాగ్స్, మీ ఇండియాలో సాంబర్ ఉంటుందట కదా?"

"ఉండడమేమిటి డగ్, మేం పెరిగిందే దాని మీద. ప్రతి ఆదివారం మా ఇంట్లో అదే."

ఆయన టోపీ తీశాడు. "ప్రతి ఆదివారమా? ఎవరు పట్టుకొస్తారు?"

"మా పిన్ని. పొద్దున్నే లేచి మొదలుపెడితే కాఫీ టైముకల్లా అయిపోతుంది."

"ఒంటరిగానా?"

"ఆవిడకు ఎవరైనా సాయం వస్తే ఇష్టముండదు."

"అందులో ఏ భాగం బాగుంటుంది?"

"డ్రమ్‌స్టిక్స్. నమిలి పిప్పి ఉమ్మేయాలి."

డగ్ మా వంటింటి కిటికీ వైపు చాలాసేపు చూశాడు. అక్కడ ఐదడుగులు కూడా లేని మా పిన్ని గిన్నెలు కడుగుతోంది. "మేట్," అన్నాడు నెమ్మదిగా, "నేను బతుకంతా ఆ కొండల్లో తిరిగాను. నాకు దక్కినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు." అని కర్ర పొడుచుకుంటూ వెళ్లిపోయాడు. సాంబారు కోసం కొండలెక్కడమేమిటో, పాపం ముసలితనం అనుకున్నాను. మర్నాడు ఆయన ఒక ఫొటో తెచ్చి చూపించాడు. అందులో చెట్టుకొమ్మల్లాంటి కొమ్ములతో గుర్రమంత జంతువు. దాన్ని ఈ దేశంలో సాంబర్ అంటారని, ఎప్పుడో మన వైపు నుంచే తెచ్చి వదిలారని, విక్టోరియా కొండల్లో అవి ఇప్పుడు మందలుగా ఉన్నాయని చెప్పాడు. నేను నిజం చెప్పబోయాను. కాని మా పిన్ని మీద ఆయనకు కలిగిన గౌరవం చూస్తే నోరు రాలేదు.

ఆ కథంతా బాబాయి గదిలో మంచం అంచున కూర్చుని గోడకు చెప్పాను. లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి, బొంగురుపోయిన గొంతుతో ఒక్క మాట వినిపించింది. "కణితి."

కణితి అంటే నాకు తెలిసింది ఒకటే, ఒంట్లో పెరిగే గడ్డ. ఇన్నాళ్లూ మనిషి ఇలా ఉన్నది అందుకా అనుకున్నాను. "ఎక్కడ బాబాయ్? ఎప్పటి నుంచి?" అన్నాను గుమ్మం నుంచి వెనక్కొచ్చి.

"మా నల్లమల అడవిలోరా వెధవా. సాంబర్ అంటే కణితి. దుప్పి కన్నా పెద్దది." ఆయన ఇటు తిరిగాడు. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. "నీకు జంతువు కణితి తెలియదు, రోగం కణితి తెలుసు. ఏం చదువురా నీది?" ఆ తిట్టు నా చెవికి పోపు చప్పుడులా వినిపించింది. చిన్నప్పుడు తండ్రితో శ్రీశైలం నడిచిపోతూ ఒకసారి చూశాడట. నీళ్ల దగ్గర. మళ్లీ చూడాలనుకున్నాడట గాని బతుకు రబ్బరులో పడిపోయింది.

ఆయనకు దాన్ని మళ్లీ చూడాలని ఉందని డగ్‌కు చెబితే, సాయంత్రానికి తన పాత విల్లు ఒకటి, ఓ పొది బాణాలు కంచె మీదుగా అందించాడు. ప్రతి ఆదివారం సాంబర్ తిన్న మనిషికి ఒకసారి అక్కడికి వెళ్లే హక్కుందట. తాను నడవలేడు కాబట్టి మాకు మేమే వెళ్లాలన్నాడు. తుపాకీ కూడా ఇస్తానన్నాడు గాని, ఆ మాట వినగానే పిన్ని ముఖం చూసి నేనే వద్దన్నాను. ఈ చుట్టుపక్కల వేటకు పోయేవాళ్లు విల్లు ఎందుకు ఎంచుకుంటారో రకరకాలుగా చెబుతారు. మేం ఎందుకు ఎంచుకున్నామో నేను ఎవరికీ చెప్పలేదు. సాధన బాణాలకు ముందు మొద్దు మొనలుంటాయి, వాటితో గడ్డిమోపును గుచ్చడం తప్ప ఏమీ జరగదు. అసలు వేటకు బిగించే మొనలు గడ్డం గీసుకునే బ్లేడులంత పదును. డగ్ వాటిని ఒక ప్లాస్టిక్ పెట్టెలో నా చేతికిచ్చాడు. అవి తిన్నగా డిక్కీలోకి వెళ్లి కత్తిపీట పక్కన చేరాయి.

మాకు తెలియని విద్య కాబట్టి డగ్ దగ్గరున్న పాత వీడియోలు తెచ్చుకున్నాం. అవన్నీ అమెరికావి. అమెరికా వాళ్లు వేటాడేది ఎల్క్ అనే మరో జంతువును. వీపుకు సంచీ కట్టుకుని కొండలెక్కి, ప్లాస్టిక్ గొట్టం నోట్లో పెట్టుకుని ఊదితే, పోతు ఎల్క్ కోపంతో అరుస్తూ ఎదురొస్తుంది. మాకు అదే నచ్చింది. పిలిస్తే వచ్చే జంతువు కన్నా సుఖం ఏముంటుంది? ఒక మధ్యాహ్నం నేను యూనివర్సిటీకి పోవడానికి బూట్లు కట్టుకుంటుంటే హాల్లోంచి ఏనుగుకు జలుబు చేసినట్టు ఒక కూత వినిపించింది. పిన్ని గరిటెతో పరుగెత్తుకొచ్చింది. బాబాయి టీవీ ముందు లుంగీలో నిలబడి, బుగ్గలు ఉబ్బించి, చేతులు నోటి చుట్టూ పెట్టుకుని ఎల్క్ లాగా కూస్తున్నాడు. సాంబర్ అలా కూయదని, పిలిస్తే రాదని, చప్పుడైతే పారిపోతుందని కంచె అవతలి నుంచి డగ్ కేకేశాడు. నేను బాబాయికి చెప్పబోతే పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "కూయనీరా. ఇంట్లో మనిషి గొంతు విని ఎన్నాళ్లయిందో" అంది.

తర్వాతి గండం వాసన. సాంబర్‌కు కళ్ల కన్నా ముక్కు నమ్మకమని, గాలి అటు మళ్లితే అయిపోయినట్టేనని డగ్ చెప్పాడు. బాబాయి తన స్వెట్టర్ వాసన చూసుకుని, "ఇంగువరా. ఈ చొక్కా వేసుకుపోతే సాంబర్‌కు సాంబారు వాసన తగిలిద్ది" అన్నాడు. ఆ వారం నుంచి పిన్ని పోపులన్నీ పెరట్లోని బార్బీ మీదే. మా వేట బట్టలు గరాజ్‌లో యూకలిప్టస్ ఆకుల సంచీలో. గాలి ఎటు పోతోందో చూడడానికి వేటగాళ్లు పొడి చల్లుతారని వీడియోలో చూసి, బాబాయి పిన్ని ముగ్గుపిండి డబ్బా పట్టుకుని మైదానంలో చిటికెడు చిటికెడు ఎగరేస్తూ తిరిగేవాడు. గడ్డం గీసుకున్నాడు. భుజాలు నొప్పులని రాత్రి నూనె రాయించుకున్నాడు. నా సంగతి అడగకండి. నా మొదటి బాణం గడ్డిమోపును తప్పి, కంచెను తప్పి, మూడో ఇంటివాళ్ల పిల్లలు గెంతే ట్రాంపొలిన్ మీద పడి, అక్కడి నుంచి ఎగిరి వాళ్ల చెట్టుకు గుచ్చుకుంది. ఈ మాటలో మాత్రం మీ ఇష్టం వచ్చినంత తీసేసుకోండి.

ఇదంతా సరదాగా జరిగినట్టు రాస్తున్నాను గాని ఆ రోజుల్లో డిక్కీ తాళం దిండు కింద పెట్టుకునే పడుకునేవాణ్ణి. వాన పట్టిన వారం బాబాయి మళ్లీ గోడ వైపు తిరిగాడు. అన్నం పళ్లెం గుమ్మం దగ్గరే ఎండిపోయింది. నేను మంచం పక్కన మ్యాపు పరిచి, ఫలానా వాగు దగ్గర ఫలానావాళ్లకు పెద్ద పోతు కనబడిందని లేని వార్త ఒకటి అల్లాను. చాలాసేపటికి ఒక చెయ్యి వచ్చి మ్యాపును తనవైపు లాక్కుంది. అప్పుడర్థమైంది నాకు. వేట నాకక్కర్లేదు. రేపు పొద్దున ఆయన లేవడానికి ఒక చిక్కు కావాలి. అందుకని ఒక చిక్కు తీరగానే ఇంకొకటి పుట్టించేవాణ్ణి. టెంటు కారుతోందన్నాను. బూట్లు చప్పుడు చేస్తున్నాయన్నాను. కారు ఆ మట్టిరోడ్డు ఎక్కదన్నాను. ప్రపంచంలో ఏ వేటకూ అన్ని ఆటంకాలు వచ్చి ఉండవు.

"ఏర్పాట్లన్నీ అయిపోతే ఏంటిరా మన గతి?" అని పిన్ని ఒక సాయంత్రం డ్రైవ్‌వే మీద గోరుచిక్కుళ్లు తరుగుతూ అడిగింది. "అక్కడ కొండలు, లోయలు. చేతిలో ఆ మొనలు. ఆయన ఒక్కడే ఒక దిక్కు పోతాడు కదా?"

"నేనుంటా పిన్నీ."

"నువ్వు నీ బాణం ఎటుపోయిందో చెప్పలేవు." చివరి చిక్కుడు తరిగి, కత్తిపీట తుడిచింది. "నాకు జింకా వద్దు, కొమ్ములూ వద్దు. మనిషిని తీసుకురా."

చిక్కులు పుట్టించడంలో నేను అలసిపోయే లోపే బాబాయి అలసిపోయాడు. వేట లైసెన్సులు వచ్చాయి, వాన తగ్గింది. ఒక పొద్దున బయటికొచ్చి, "శనివారం పోదాం. నువ్వు చెప్పే సాకులు ఇంక చాలు" అన్నాడు. విల్లు తుడుస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు. "అసలు మొనలు యాడ పెట్టావు?"

డగ్ దగ్గరున్నాయన్నాను. కంచె అవతల నుంచి డగ్, "నీకే ఇచ్చాను కదా రాగ్స్" అన్నాడు. అబద్ధాలతో బతికేవాడికి పక్కింటి సజ్జనుడి కన్నా పెద్ద శత్రువు లేడు. బాబాయి కారు దగ్గరకు నడిచి, "డిక్కీ తియ్యి" అన్నాడు. పిన్ని కిటికీలోంచి చూస్తోంది. తియ్యనని చెబితే ఎందుకో చెప్పాలి. తీశాను.

ఆయన చూశాడు. దుప్పటి మీద కత్తిపీట, కూరగాయల చాకులు, గోళ్లు తీసుకునే కత్తెర, తన పేరున్న మాత్రల సీసాలు, వాటన్నిటి మధ్య ఆ మొనల పెట్టె. ఒక్కో వస్తువు మీదా ఆయన చూపు ఆగి ఆగి కదిలింది. ఆయన ముఖం వైపు నేను చూడలేకపోయాను. కాసేపటికి పెట్టె ఒక్కటీ తీసి జేబులో వేసుకుని, డిక్కీ నెమ్మదిగా, చప్పుడు కాకుండా మూసి, లోపలికి వెళ్లిపోయాడు.

శనివారం బయల్దేరేటప్పుడు పిన్ని ఫ్రిజ్ మీద అట్టపెట్టె దింపి, ఫ్యాక్టరీ ఇచ్చిన ఫ్లాస్కు తీసి, కడిగి, వేడి సాంబారు పోసి నా సంచిలో పెట్టింది. వాసన గొడవ మొత్తం పాడైపోయింది. బాబాయి చూశాడు గాని వద్దనలేదు. మాన్స్‌ఫీల్డ్ దాటి, మట్టిరోడ్డు ఎక్కి, నది ఒడ్డున టెంటు వేసుకున్నాం. దారంతా ఆయన మాట్లాడింది గేర్లు మార్చడం గురించి మాత్రమే.

తెల్లవారుతూనే మంచు పట్టిన గడ్డిలో నడిచి కొండ భుజం మీదికి చేరాం. వీడియోల్లో చూసినట్టే, లోయకు ఆయన ఒక పక్క, నేను ఒక పక్క దిగాలి. ఎండ వాగు మీద పడేటప్పటికి కూలిన పెద్ద చెట్టు దగ్గర కలవాలి. అది మేం వారాల తరబడి భోజనాల బల్ల మీద గీసుకున్న ఏర్పాటు. ఆయన ముగ్గుపిండి చిటికెడు ఎగరేసి, గాలి చూసుకుని, వెనక్కి తిరగకుండా ఫెర్న్ పొదల్లోకి పోయాడు. నేను వేటాడలేదు. తిన్నగా ఆ చెట్టు దగ్గరకు పోయి కూర్చున్నాను. ఎండ వాగు మీద పడింది. ఎండ వాగు దాటి అవతలి గట్టెక్కింది. ఆయన రాలేదు. పక్షులు అరుస్తుంటే వాటిని తిట్టాను, ఆపితే భయపడ్డాను. ఆ పెట్టె జేబులో వేసుకున్నప్పుడు ఆయన ముఖం ఎందుకు చూడలేదా అని నన్ను నేను నిందించుకున్నాను. "బాబాయ్" అని కేకేస్తే నా గొంతు అవతలి కొండ దాకా పోయి ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. వాపసు పోయి డ్రైవ్‌వే మీద కూర్చున్న పిన్నికి ఏం చెబుతానో ఆలోచించబోతే, అంతవరకు నా బతుకులో ఎన్నడూ లేనిది, ఒక్క కట్టుకథ కూడా తోచలేదు.

సంచిలో చెయ్యి పెడితే ప్లాస్టిక్ గొట్టం తగిలింది, ఎల్క్ కూత గొట్టం. ఎందుకు తెచ్చానో తెలియదు. ఊదాను. ఊపిరి తిరగలేదు. మళ్లీ ఊదాను. ఆస్ట్రేలియాలో ఏ జంతువుకూ అర్థంకాని ఆ కూత లోయంతా తిరిగి చచ్చిపోయింది. మూడోసారి ఊది, గొట్టం పడేసి, ఫ్లాస్కు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు కింద, చాలా కింద, చీకటి ఫెర్న్‌ల మధ్య నుంచి ఏనుగుకు జలుబు చేసినట్టు ఒక కూత.

ఫ్లాస్కు చేతిలోంచి జారి రాతి మీద పడింది. సొట్ట అప్పటిదే.

బాబాయి మోకాళ్ల దాకా బురదతో పైకొచ్చాడు. చెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు. "చూశానురా," అన్నాడు. "కణితి. నీళ్ల దగ్గర. ఈ చెట్టుకూ ఆ చెట్టుకూ ఉన్నంత దూరం. విల్లు లాగి పట్టుకున్నా. అది నన్ను చూడలా. గాలి మళ్లింది. ముక్కు ఎత్తింది. మీ పిన్ని ఇంగువ తగిలినట్టుంది దానికి." ఆయన భుజాలు ఇంకా వణుకుతున్నాయి. బాణాల మొనలన్నీ పొదిలో అలాగే ఉన్నాయి.

"ఆ కత్తిపీట నీ కారెక్కి ఎన్నాళ్లయింది?" అన్నాడు.

"బెండకాయల రోజు నుంచి."

"మీ పిన్నికి నడుం నొప్పి. అట్టా సిమెంటు మీద కూర్చునేదా?"

"నీకు కనపడలేదా బాబాయ్?"

"గోడ వైపు తిరిగి పడుకున్నోడికి కిటికీ ఎట్టా కనపడిద్దిరా." అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత, కిందపడ్డాక నేను తీసి పట్టుకున్న ఫ్లాస్కు చూసి, దాని మీద చెక్కిన పేరు బొటనవేలితో ఒకసారి తడిమి అడిగాడు. "సాంబారు ఉందా?"

మూతలో పోసిచ్చాను. నిలబడి, ఊదుకుంటూ తాగాడు.

ఇంటికి వచ్చేసరికి పిన్ని గుమ్మంలో ఉంది. ఏం తెచ్చారని అడగలేదు. మనిషిని పైనుంచి కిందికి చూసుకుంది. బాబాయి డిక్కీ తెరిపించి, కత్తిపీట తీసి చంకన పెట్టుకుని, బురద బూట్లతోనే లోపలికి నడిచి వంటింట్లో దాని పాత చోట పెట్టాడు. పిన్ని బూట్ల గురించి ఒక్క మాట అనలేదు. "లోపల కూర్చుని తరుక్కో," అన్నాడు. "ములక్కాడలున్నాయా?"

అంతటితో అంతా చక్కబడిందని రాస్తే అది మీరు తీసేయాల్సిన సగంలోకి పోతుంది. మాత్రలు చాలాకాలం సాగాయి. గోడ వైపు తిరిగిన వారాలు తర్వాతా వచ్చాయి. కాని ఎప్పుడో ఒకప్పుడు ఇటు తిరిగేవాడు. తర్వాత స్కూలు బస్సు నడిపాడు. ఏటా ఒకసారి ఆ కొండలకు పోయేవాళ్లం. ఒక్క జంతువును కూడా కొట్టలేదు. డగ్ చనిపోయేదాకా మా వేట అసలు పిన్నే చేస్తుందని నమ్మాడు. ఆయన మైదానం ఇప్పుడు ఇళ్ల వరసలు. మా ఇల్లు అందులోనే ఉంది. గడ్డిమోపు పెట్టిన చోటు బహుశా మా బాత్‌రూమ్. కరివేపాకు ఇప్పుడు నడిచిపోయేంత దూరంలో మూడు కొట్లలో దొరుకుతుంది. మా అబ్బాయి కంగారూను జూలో చూశాడు. కూరగాయలు తరిగినవే ప్యాకెట్లలో వస్తున్నాయి, మా ఇంట్లో కత్తిపీట అన్నదే లేదు. సుఖంగా ఉన్నాం. ఒకరి ఇంట్లో ఒక మనిషి గోడ వైపు తిరిగితే ఏ డ్రైవ్‌వే మీదా ఎవరికీ తెలియదు.

మొన్న సామాన్లన్నీ వ్యానులో వేసి పంపాక చివరికి కత్తిపీట మిగిలింది. కొయ్య నల్లబడింది, ఇనుము అరిగి సన్నబడింది. నేను దాన్ని తువ్వాలులో చుట్టి, కారు వెనక్కి పోయి డిక్కీ తెరిచాను. పిన్ని ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటోంది. అద్దంలో చూసినట్టుంది.

"రాఘవా," అంది. "అందులో పెట్టబాక."

తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాను. దాని మీద ఫ్లాస్కు పెట్టుకుంది. రెండు వీధుల దూరమే. మా ఇంటి దాకా రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది.